పచ్చ పట్టు జాకెట్టు

అక్కా,

ఈ రోజు నీ కూతురు నీ పచ్చ పట్టుచీర కట్టుకుని నందిగామలో స్నేహితురాలి పెళ్లికి వెళ్లింది. సన్నబడ్డాక కడతానని నువ్వు దాచుకున్న చీర. నువ్వు పోయాక ఇదే బయటికి తీయడం.

దాని జాకెట్టు గుర్తుందా? నీకు పట్టుదల వస్తుందని అమ్మే కావాలని బిగుతుగా కుట్టించింది. జగ్గయ్యపేటలో మనమందరం పప్పన్నంలో నెయ్యి వేసుకుని తింటుంటే, నువ్వు బార్లీ నీళ్లు పట్టుకుని "ఆకలిగా లేదే" అనేదానివి. నాన్న భోజనానికి లేవగానే కొట్లో బస్తాలు తూచే కాటా ఎక్కి చూసుకునేదానివి.

నీ కూతురు అచ్చం నీ పోలికే. మొన్న జాకెట్టు దానికీ పట్టలేదు.

"ఈ రెండ్రోజులూ రాత్రిపూట అన్నం మానెయ్యవే, అదే పడుతుంది," అంది అమ్మ.

"అన్నం మానడమెందుకు అమ్మమ్మా? కుట్టు విప్పితే సరిపోయేదానికి!"

జాకెట్టు తిరగేసి చూపించింది. పక్క కుట్ల లోపల బోలెడంత గుడ్డ మడిచి ఉంది. గుమ్మంలో కూర్చుని తనే విప్పుకుంది. సాయంత్రానికి వదులుగా కుట్టించుకొచ్చి, కడుపునిండా అన్నం తిని పడుకుంది.

ఈ రోజు బయలుదేరేముందు అమ్మ దాని చెంగు సర్దుతూ ఆగిపోయింది. కొత్త కుట్టు పక్కనే పాత కుట్టు గీత కనిపిస్తోంది. రెంటికీ మధ్య అంగుళం కూడా లేదు. అక్కడ వేలు పెట్టి, నావైపు తిరిగింది.

"ఇంతేనటే?" అంది.