మళ్లీ పిస్టల్ పట్టిన ఆదివారం

నాన్నా,

నువ్వు పోయి నిన్నటితో రెండేళ్లు నిండాయి. అప్పటి నుంచి బీరువాలోనే ఉన్న నా ఎయిర్ పిస్టల్ తీసుకుని, ఇవాళ గోపాలపట్నం నుంచి సీతమ్మధార షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను.

నాకు షూటింగ్ నేర్పిన మాస్టారే ఇంకా అక్కడున్నారు. "సెయ్యి వొణుకుతాదమ్మా. ముందు గుళ్లెట్టకుండా ఊరికే గురి సూసుకో," అన్నారు. అరగంటసేపు ఖాళీ పిస్టల్ ఎత్తి దించేసరికి భుజం లాగేసింది. ఆఖర్న ఐదు గుళ్లు ఇచ్చారు. నాలుగు ఎటో పోయాయి. ఐదోది తొమ్మిది పాయింట్ల వలయంలో పడింది. నీకు చూపిద్దామని వెనక్కి తిరిగాను.

పోర్టులో డ్యూటీ దిగి వచ్చి నువ్వు కూర్చునే కుర్చీలో ఎవరో ఉన్నారు. పక్కన కొత్తగా నేర్చుకుంటున్న అమ్మాయికి తండ్రట. లేవబోతూ నన్నడిగాడు.

"నాను బయట కూకోనా అమ్మా? నన్ను సూత్తే మా పాప బెదిరిపోతన్నాది."

నేనూ మొదట్లో నిన్ను బయటికి పొమ్మని గొడవ చేసేదాన్ని. నువ్వు నవ్వి, అక్కడే కూర్చునేవాడివి.

"ఇక్కడే కూకోండి," అన్నాను. "కొన్నాళ్లు ఇసుక్కుంటాది. తర్వాత మీరు ఒక్కరోజు రాకపోతే, ఎందుకు రాలేదని తనే అడుగుతాది."

ఆయన మళ్లీ కూర్చున్నాడు.