మరియమ్మ వినాలనుకున్న నవల

వదినగారూ,

మీరు పోయి నేటికి ఏడాది. అప్పటి నుంచి ఆగిపోయిన మన పుస్తకాల కబుర్లు ఈ ఆదివారం చర్చి అయ్యాక మళ్ళీ మొదలయ్యాయి. మండపేటలో మీ వరండాలోనే కూర్చున్నాం. అన్నయ్య కుర్చీలు వేసి, టీ కూడా తనే పెట్టాడు.

ఒక్కొక్కరూ నచ్చిన సినిమా గురించో పుస్తకం గురించో చెప్పారు. నేను మనిద్దరం పోట్లాడుకున్న ఆ నవల కథ చెప్పాను. భర్త కొడుతున్నాడని ఇల్లు వదిలి, బట్టలు కుట్టుకుని బతికిన అమ్మాయి కథ. "పిల్లల్ని చూసైనా సర్దుకోవాల్సింది" అని నేనన్నందుకు అప్పట్లో మీరు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళా అదే మాట అన్నాను.

రైస్ మిల్లులో పనిచేసే మరియమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"సర్దుకుంటే ఏమవుద్దో నాకు తెలుసండి. ఇరవయ్యేళ్ళు సర్దుకున్నాను."

"నేనన్నది తప్పు మరియమ్మా" అన్నాను. మీరుండగా మీతో అనాల్సిన మాట అది.

తనకు చదువు రాదని, ఆ పుస్తకం చదివి వినిపించమని అడిగింది. మీ బీరువాలోంచి తెచ్చాను. అట్ట తిప్పగానే మీ చేతిరాతలో మీ పేరు కనిపించింది. అక్కడి నుంచే చదవడం మొదలుపెట్టాను.

మీ ఆడపడుచు