తడిగుడ్డలో అడాప్టర్

మంగళవారం, రాత్రి

నా ల్యాప్‌టాప్ అడాప్టర్‌నే అత్తయ్య ఆయాసానికి మందు ఆవిరి పట్టే నెబ్యులైజర్‌కీ వాడుతున్నాం. దాని అడాప్టర్ పాడై వారమైంది. ఇది పందొమ్మిది వోల్టులు, అది పన్నెండు. చెబితే, "పిన్ను పట్టింది కదా" అంటారు ఈయన.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అడాప్టర్ మంచినీళ్ల కుండ మూత మీద, తడిగుడ్డ చుట్టి ఉంది. స్విచ్చి వేసే ఉంది.

"ఈ బెజవాడ ఎండకి కాలిపోతోందమ్మా, చల్లబడుతుందని చుట్టాను" అన్నారు అత్తయ్య, ముఖం మీది మాస్కు జరిపి.

గుడ్డ లాగబోతే చెయ్యి జివ్వుమంది. ఈయనకి చెబితే, "ఏం కాలేదుగా" అని టీవీ వైపు తిరిగారు.

ఒళ్లు మండి అడాప్టర్‌ని బీరువాలో పెట్టి తాళం వేశాను. కొత్తది రేపు కొట్లు తీశాకే. అంతవరకూ ఆవిడకి ఆయాసం రాకూడదు.

పక్కగదిలో దగ్గు మొదలైంది.