ఏడవని పిల్ల

వదిన గారికి,

“ఆమని బాగుంది, ఏడుపన్నదే లేదు” అని నిన్న ఫోన్లో మీరన్నప్పుడు సరేనని పెట్టేశాను. అందుకే రాస్తున్నాను. నా కూతురు ఏడవలేదంటే బాగున్నట్టు కాదు వదినా. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి నొప్పి సరిగా తెలియదట. ఇక్కడున్నప్పుడు అరికాల్లో ముల్లు దిగి చీము పట్టినా గెంతుతూనే ఉంది. అక్కడ తెనాలిలో మీ ఇంటికి బడి నుంచి రాగానే దాని పాదాలు చూడండి. స్నానం నీళ్లలో ముందు మీరు చెయ్యి పెట్టండి.

కాలికి గడప తగిలితే నేను ఇప్పటికీ “అమ్మా” అంటాను. మా అమ్మ పోయినా పిలుపు పోలేదు. ఆమని నీళ్లంటుంది, బస్సంటుంది, ఆ మాట మాత్రం ఒక్కసారీ అనలేదు. దానికి దెబ్బ తగలాలని కాదు. ఎప్పుడైనా తగిలి “అమ్మా” అంటే, ముందు మందు రాయండి. తర్వాత నాకు ఫోన్ చేసి, అదెలా అందో అచ్చం అలాగే అని వినిపించండి.

రేపల్లె నుంచి,
మీ మరదలు