ఇకపై పార్సల్ టైము చెప్పను

నా పేరు ముత్తమ్మాళ్. వయసు డెబ్బై ఆరు. ఊరు మదురై అవతల చిన్నమనూరు; తమిళ ఊరే అయినా మా వీధిలో మాట తెలుగే. ఇంట్లో నేను, కొడుకు బాలమురళి, కోడలు తులసి. నాకు అక్షరం రాదు. తులసి చిత్తూరు పిల్ల, తెలుగు రాస్తుంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, దిద్దకూడదు అని ముందే చెప్పాను.

జూలై 5, శనివారం. ఒకటో దినం.
నా వాదం ఇది. మా వీధికి వచ్చే పార్సళ్లకు ఫోను "రాత్రి తొమ్మిది లోపల" అంటుంది. అదొక జవాబా? నేను గంట చెప్తాను. రెండేళ్లుగా తప్పలేదు. ఇందులో మంత్రం లేదు. పార్సళ్లు తెచ్చే ఇరుళప్పన్ రాహుకాలంలో బండి స్టార్ట్ చేయడు, అంతే.
నిన్న శుక్రవారం. రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. అందుకే ఎదురింటి అంజలమ్మ చెవి దగ్గర అరిచి చెప్పాను, పన్నెండు దాకా రాడు, రైసుమిల్లుకు పోయి రా అని. అతను పదకొండుకే వచ్చాడు. ఇంటికి తాళం. పార్సల్లో వచ్చిన ఆమె కొత్త చెవి మిషను మదురైకి తిరిగిపోయింది.
నలభై ఏళ్లుగా సాయంత్రమైతే నా తిన్నె మీద కూర్చునే మనిషి నిన్న రాలేదు. వీధిలో నిలబడే తీర్పు చెప్పింది: "పది దినాలు ఎవురికీ పార్సల్ టైము చెప్పకుండా నోరు మూసుకోని ఉండక్కా. అప్పుడే నీ తిన్నె ఎక్కేది."
పదేం, నూరు దినాలు ఉంటాను.

6, ఆదివారం. రెండో దినం.
ఒక్క మాట చెప్పలేదు. చాలా సులభం. ఆదివారం మన వీధికి పార్సళ్లే రావు కదా అంటోంది తులసి. రాయమ్మా, లెక్కలోకి వస్తుంది.

7, సోమవారం. ఉదయం 10.
ద్రాక్షతోట సుబ్రమణియం తన కత్తెర పార్సల్ ఎప్పుడని అడిగాడు. నోరు తెరవలేదు. రెండు వేళ్లు చూపించాను. వేళ్లు మాట కాదు.
2.05కు వచ్చింది.

9, బుధవారం. మధ్యాహ్నం 12.40. నిండు రాహుకాలం.
ఇరుళప్పన్ వచ్చాడు. నిలదీశాను. తమిళంలో తాపీగా చెప్పాడు. కంపెనీ తొందర పెడుతోందట, అందుకని రాహుకాలానికి ముందే స్టార్ట్ చేసుకుంటున్నాడట. "ఆపితే గదా అవ్వా, మళ్లా స్టార్ట్ చేసేది?"
చూశాను. గేటు దగ్గర బండి డుబుడుబుమంటూనే ఉంది.
అంటే నా లెక్క తప్పు కాదు. అందులో ఒక ముక్క తక్కువైంది. ఆ ముక్క తెలిశాక ఊరుకోవడం కష్టంగా ఉంది.

10, గురువారం.
ఆవుకు గడ్డి వేస్తూ "ఈరోజు రెండుంబావుకు" అన్నాను. ఆవుతోనే అన్నాను. సుబ్రమణియం గోడ పక్కన నిలబడితే నా తప్పా? సాయంత్రానికి ఇంకో నలుగురు ఆవును చూడ్డానికి వచ్చారు.
తులసీ, ఆ వాక్యం కొట్టెయ్.
"కొట్టెయ్యనత్తా. దిద్దగూడదంటివే" అంటోంది.

11, శుక్రవారం. ఉదయం 9.50.
చెవి మిషను మళ్లీ వస్తోంది. ఈసారీ ఇంటికి తాళం ఉంటే ఇక పంపరట. అంజలమ్మ ఫోను మాట నమ్మి, రాత్రి దాకా పొద్దుందని, సంచి పట్టుకుని సంతకు బయల్దేరింది. చెప్తే ఒట్టు పోతుంది, ఆమె నా తిన్నె ఎక్కదు. చెప్పకపోతే మిషను పోతుంది.
10.00. "అంజలా, పోవద్దు, పదీ ముప్పావుకు వస్తాడు" అని అరిచాను. వీధంతా విన్నది, ఆమె తప్ప. దిగి పోయి కొంగు పట్టుకున్నాను.
10.45. రాలేదు. ఆమె కొంగు లాగుతోంది.
11.00. రాలేదు. తిడుతోంది. నేను వదల్లేదు.
11.10. డుబుడుబు.
మిషను చెవిలో పెట్టుకుంది. అప్పుడే సుబ్రమణియం వచ్చి, "నాది ఎప్పుడు పెద్దమ్మా?" అన్నాడు. గొంతు బాగా తగ్గించి "నాలుక్కి" అన్నాను.
అంజలమ్మ గిరుక్కున తిరిగింది. "ఓహో. ఇన్ని దినాలూ నా వెనకాల ఇట్లానే గుసగుసలాడతా ఉంటివా? మళ్లా మొదటినుంచి ఎంచుకో. నిన్ను నమ్మేదానికి లేదు. కావిలి నేనే ఉంటా."

12, శనివారం. ఒకటో దినం. ఉదయం 9.20.
ఏడింటికే అంజలమ్మ వచ్చి నా తిన్నె మీద కూర్చుంది, మిషను పెట్టుకుని, తమలపాకుల పెట్టెతో. పది దినాలూ కదలదట. ఇంతవరకు ఎవరికీ టైము చెప్పలేదు. మధ్యలో ఒట్టు తప్పితే ఆమె మళ్లీ ఇంకో పది దినాలు కూర్చోవాలి. ఆ సంగతి నేను ఆలోచించకపోలేదు.

ఇది ముత్తమ్మాళ్ ఎడమ బొటనవేలి ముద్ర.
చూసినవాళ్లు: అంజలమ్మ, ద్రాక్షతోట సుబ్రమణియం.
దిద్దకుండా రాసింది: తులసి.