లీవర్ ఆడించకుండా విప్పిన పైపులు

అన్నయ్యా,

నీ కుట్లు ఆరుతున్నాయని వదిన చెప్పింది. ట్రాక్టర్‌కు మట్టి ఎత్తే లోడర్ తగిలించడం తనకూ నేర్పమని నిన్న అడిగింది. నువ్వు నాకు నేర్పినట్టే చెప్పాను: "బకెట్ నేలకు దించి, ఇంజన్ ఆపి, లీవర్ అటూ ఇటూ ఆడించాలి. లోడర్‌ను లేపే నూనె పైపుల్లో ఒత్తిడి పోతుంది. విప్పేముందు కూడా ఇంతే."

ఆ చివరి మాట రెండుసార్లు చెప్పాను.

నీకు దెబ్బ తగిలే ముందు ఆ లోడర్ విప్పింది నేను. బస్సు తప్పిపోతుందని లీవర్ ముట్టుకోలేదు. పైపులు రెండు రోజులు ఎండలో పడున్నాయి, వేడికి లోపలి ఒత్తిడి ఇంకా పెరిగింది. నువ్వు తగిలించబోతే ఎక్కలేదు. నట్టు వదులు చేయగానే నూనె సూదిలా నీ అరచేతిలోకి దిగింది. ముల్లు గుచ్చుకున్నంతే కదా అని మందు రాసి ఊరుకున్నాం. లోపల నూనె విషమై, మూడోనాటికి ఆసుపత్రిలో చెయ్యి తీసేశారు.

ఒత్తిడి తీయడం నువ్వే మర్చిపోయానని అందరికీ చెప్పావు. విప్పింది నేనని నేనూ ఎవరికీ చెప్పలేదు.

నిన్న వదినకు పైపులు మొదటిసారే ఎక్కాయి. నూనె చేతులు తుడుచుకుంటూ, "ఇంత చిన్న పని మీ అన్నయ్య మర్చిపోయే మనిషి కాదు. ఆ పొద్దున నేను తనతో పోట్లాడబట్టే ఇలా అయింది" అంది.

నువ్వు చదివాక ఈ ఉత్తరం వదినకివ్వు.

నీ చెల్లి