రంజితకు చుడీదార్లు

బెంగళూరు, శుక్రవారం

అక్కకు నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను.

ట్రైనింగు ఈ రోజు మధ్యాహ్నంతో ముగిసింది. అమ్మాయి రంజితకు బట్టలు కొందామని మార్కెట్‌కు సిటీ బస్సెక్కాను. ఇక్కడ ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. శశికళ బతికున్నప్పుడు, దిగే చోటు రాగానే తనే ముందు నుంచి తిరిగి నన్ను పిలిచేది. నేనెప్పుడూ స్టాపులు చూసుకోలేదు. ఈ రోజూ చూసుకోలేదు, ముందు వైపే చూస్తూ కూర్చున్నాను. చివరి స్టాపులో బస్సంతా ఖాళీ అయ్యాక కండక్టరు వచ్చి, "ఏమప్పా, ఇంటామె నిన్ను వదిలేసి దిగిపోయినట్టుండాదే!" అని నవ్వాడు. నేనూ నవ్వి దిగాను.

అక్కడే రోడ్డు పక్కన ఒకామె చుడీదార్లు రాశి పోసి అమ్ముతోంది. మార్కెట్ కంటే చవక. మా అమ్మాయికని చెప్పాను. "బిడ్డ ఏం రంగప్పా?" అంది. "వాళ్ళమ్మ రంగు" అన్నాను. "ఆయమ్మను నేను యాడ చూసినాను!" అని కసిరి, తనే రెండు ఏరి ఇచ్చింది. ఒకటి పసుపు, ఒకటి నెమలికంఠం.

శశికళ పోయి ఏడాది తిరిగేదాకా ఇంట్లో కొత్త బట్టలు వద్దన్నావు. మరచిపోలేదు. కానీ రంజిత చిరుగులు కుట్టుకుని కాలేజీకి పోతోంది, నన్ను అడగదు. శశికళ ఉంటే ఊరుకునేది కాదు. కోప్పడవద్దు.

బోరు మోటారు బాగయిందా? ఆవుకు గడ్డి చాలకపోతే పాతపాళ్య వెంకటరాయప్పను అడుగు. బావకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

రేపు పొద్దున చింతామణి పోయి, బట్టలు రంజిత చేతికిచ్చి, తను ఒకటి వేసుకుని వచ్చేదాకా హాస్టల్ గేటు దగ్గరే నిలబడతాను.

నీ తమ్ముడు
పద్మనాభ